మంచు చూడని చెవికి చలి తెలిసిన దారి

తెలుగులో ‘మంచు’ అన్న మాట చాలా బరువు మోస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారేసరికి గుమ్మడి ఆకుల మీద నిలిచే చుక్కా మంచే, నాగావళి మీద పరుచుకుని అవతలి ఒడ్డును మాయం చేసే తెల్లని తెరా మంచే, హిమాలయాల్లో కురిసి నెలల తరబడి కరగకుండా ఉండేదీ మంచే. మొదటి రెండూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పుట్టి పెరిగినవారందరికీ తెలుసు. మూడవదాన్ని మాలో చాలామంది ఏనాడూ కంటితో చూడలేదు. అయినా అది ఎలా వినిపిస్తుందో మాకు తెలుసు. నాకు దానిని పరిచయం చేసింది టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ పెట్టె, అందులో దూర్చే ఒక క్యాసెట్, బయట రోడ్డు మీద తారు మెత్తబడే మే నెల మధ్యాహ్నం.

ఆ క్యాసెట్‌లోని వందలాది ఆటల్లో ‘ఐస్ క్లైంబర్’ ఒకటి. నింటెండో సంస్థ 1985లో విడుదల చేసిన ఈ ఆటలో దళసరి కోట్లు తొడుక్కున్న ఇద్దరు చిన్నవాళ్ళు సుత్తులతో మంచు పలకలను పగులగొట్టుకుంటూ పైపైకి ఎక్కుతుంటారు. సంగీతం కూర్చినవారు అకితో నకట్సుకా. ఈ ఆట పుట్టిన కన్సోల్, అంటే గేమ్ పెట్టెలోని ధ్వని చిప్‌కు ఉన్న దారులు ఐదే: చతురస్రపు అలలు పలికే రెండు, త్రిభుజపు అల పలికే ఒకటి, బుసలాంటి రొద చేసే ఒకటి, చిన్న రికార్డింగు ముక్కలను వినిపించే మరొకటి. ఇంత తక్కువ సరంజామాతో పుట్టిన ఒక హుషారైన బాణీ వింటూ, ఫ్యాను కింద చెమటలు కక్కుతున్న పిల్లవాడు చలిని ఊహించుకోగలిగాడు. అది ఎలా సాధ్యమైందన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా వదలలేదు. చలి చర్మానికి తెలిసే గుణం. దానిని చెవికి ఎలా చేర్చారు?

చెవికి వేడి, చలి బొత్తిగా తెలియవనడం కూడా సరికాదు. వేడినీళ్ళు పోసిన చప్పుడును, చన్నీళ్ళు పోసిన చప్పుడును కళ్ళు మూసుకుని వినిపిస్తే చాలామంది ఏది ఏదో గుర్తుపట్టగలరని 2013లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అయితే నీళ్ళ చప్పుడు వేరు, బాణీ వేరు. వాద్యానికి ఉష్ణోగ్రత ఉండదు. కాబట్టి ఆటల్లోని మంచు లెవెళ్ళ, అంటే మంచుతో నిండిన ఘట్టాల, సంగీతం వినగానే మనకు కలిగే చలి భావన ఒక్క చోటునుంచి వచ్చినది కాదు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో పుట్టిన కొన్ని పోగులు కలిసి పేనుకుపోయిన తాడు అది. ఆ పోగులను విడదీసి చూస్తే, అన్నిటికంటే గట్టిగా వినిపించే పోగే అన్నిటికంటే బలహీనమైనదని నాకు అనిపించింది.

ఆ గట్టిగా వినిపించే పోగు గజ్జెల చప్పుడు. 1996లో వచ్చిన ‘సూపర్ మారియో 64’లోని మంచుకొండల బాణీని తీసుకోండి. కోజి కొండో కూర్చిన ఆ సంగీతం మొదలుకాగానే వెనుక గలగలమని గజ్జెలు మోగుతాయి. ఆటలు ఆడేవారు ఎవరైనా, మరు క్షణంలో ‘ఇది మంచు’ అంటారు. ఇదే బాణీని నేను ఆమదాలవలస దగ్గరి పల్లెలో ఉండే మా మావయ్యకు హెడ్‌ఫోన్‌లో వినిపించాను. ఆయన జీవితంలో సగం ఎడ్లతో గడిపిన మనిషి, ఆటల గురించి ఏమీ తెలియదు. కాసేపు విని, “ఇదేటిరా, ఎడ్లబండి సంతకెల్తన్నట్టుంది” అన్నారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. యూరప్‌లో మంచు మీద గుర్రాలు లాగే స్లెడ్జి బండ్లకు కట్టే గంటలు, మన ఎడ్ల మెడపట్టెడలకు కుట్టే గజ్జెలు ఒకే రకం వస్తువులు: చీలిక ఉన్న బోలు లోహపు గుండు, లోపల కదిలే చిన్న గోళీ. స్లెడ్జికి చక్రాలు ఉండవు, మంచు మీద అది చప్పుడు లేకుండా జారుకుంటూ వస్తుంది. మలుపులో ఎదురయ్యే మనిషికి బండి వస్తున్న సంగతి తెలియడానికి గుర్రానికి గజ్జెలు కట్టారు. అంటే ఆ మోత చలి గొంతు కాదు, చలిలో ప్రయాణించే బండికి హారను. ఆ అలవాటే సంగీతంలోకి ఎక్కింది. 1791లోనే మొజార్ట్ ఒక స్లెడ్జి ప్రయాణపు నృత్యగీతంలో ఈ గజ్జెలను వాడాడు. ఆ తరువాత క్రిస్మస్ పండుగకూ ఈ ధ్వనికీ విడదీయరాని ముడి పడింది. మా కాన్వెంటు బడుల్లో డిసెంబరు రాగానే పిల్లలకు నేర్పే పాటల వల్ల ఆ ముడి మన చెవుల్లోనూ పడింది. క్రిస్మస్‌ను ఎక్కువగా మతంతో పనిలేని వేడుకగా జరుపుకునే జపాన్‌లోని స్వరకర్తలకు అది సిద్ధంగా దొరికిన గుర్తు. ఒక్క క్షణంలో ‘ఇది శీతాకాలం’ అని చెప్పాలంటే అంతకంటే చవకైన దారి లేదు.

ఇందులో చలి ఎంత, అలవాటు ఎంత అన్నది తేల్చుకోవడానికి మా ప్రాంతపు తప్పెటగుళ్ళు చాలు. గుండెకు కట్టిన తప్పెటను వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు ఒకే లయలో మోగిస్తూ కళాకారులు గుండ్రంగా ఆడుతుంటే, చూస్తున్న మనకు కూడా ఒళ్ళు వేడెక్కుతుంది. జాతరలో ఆ గజ్జెల మోతకు అర్థం చెమట, దుమ్ము, జనసమ్మర్దం. అదే లోహం, అదే గోళీ, అదే పౌనఃపున్యాల గలగల. ఒకచోట వేడి, మరొకచోట చలి. కాబట్టి గజ్జె మంచుకు బోర్డు మాత్రమే. ఊరి పేరు రాసిన బోర్డు ఊరు కానట్లే, గజ్జె చలి కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఆటల్లోనే దీనికి పరీక్ష దొరుకుతుంది. ‘సూపర్ మారియో 64’లో నాలుగవ లెవెల్ అయిన కూల్ కూల్ మౌంటెన్‌లో కొండ శిఖరం మీద ఒక చిన్న ఇల్లు ఉంటుంది. దాని పొగగొట్టంలోకి దూకితే లోపల పొడవైన జారుడుబండ. బయట వినిపించే మంచుకొండ బాణీ, లోపల వినిపించే జారుడు బాణీ రెండిటిదీ ఒకే స్వరాల వరుస, అలంకరణ మాత్రమే వేరు. లోపలిది అమెరికా పల్లెల నాట్యసంగీతంలా ఉరకలు వేస్తుంది. బయటిదానిలో అంత ఉరుకు లేదు, వెనుక గజ్జెలు వచ్చి చేరాయి. స్వరాల వరుస మారకుండానే ఋతువు మారిపోయింది. అంటే చలి బాణీలో లేదు, తొడుగులో ఉంది.

ఇంతకంటే నిండైన పరీక్ష 1998లో రేర్ సంస్థ తెచ్చిన ‘బాంజో కజూయీ’లో ఉంది. గ్రాంట్ కర్కోప్ సంగీతం సమకూర్చిన ఈ ఆటలో క్లిక్ క్లాక్ వుడ్ అనే అడవి ఉంది. మధ్యలో ఒక మహావృక్షం, ప్రవేశంలో నాలుగు ఋతువులకు నాలుగు తలుపులు. ఏ తలుపు తెరిచినా అదే చెట్టు, అదే బాణీ. కానీ వసంతానికి ఒక వాద్యవేషం, వేసవికి ఒకటి, శరత్తుకు ఒకటి, శీతాకాలానికి ఒకటి. వసంతంలో నాటిన విత్తు వేసవిలో మొలకై, శరత్తులో పువ్వవుతుంది. శీతాకాలం తలుపు తెరిచేసరికి నీటి మీద గడ్డ కట్టి ఉంటుంది, బాణీ వెనుక గంటలు మోగుతుంటాయి. ఒక్క రోజులో నాలుగింటినీ వరుసగా విన్నప్పుడు నాకు స్పష్టమైన సంగతి ఏమిటంటే, శీతాకాలపు వేషాన్ని గుర్తుపట్టడానికి గంటలు ఉపయోగపడ్డాయి గానీ, అక్కడ కలిగిన దిగులుకు మూలం గంటలు కావు. వేసవిలో ఆ అడవి ఎంత సందడిగా ఉండేదో నేను మరిచిపోకపోవడం. నాలుగు ఋతువులను కలిపి చూపించకపోతే ఆ భావన పుట్టేది కాదు. మంచు సంగీతం గురించి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒక్కటే చెప్పమంటే దీనినే చెబుతాను.

ఇక రెండవ పోగు యంత్రాలది. మంచు లెవెళ్ళ సంగీతంలో గజ్జెలతో పాటు తరచుగా వినిపించేది గాజును మీటినట్లుండే చిన్న, ఎత్తైన, స్పష్టమైన గంటస్వరం. యూరప్ వాద్యబృందాల్లో ఈ పని సెలెస్టా అనే వాద్యం చేస్తుంది. 1886లో పారిస్‌లో రూపొందిన ఈ వాద్యంలో మెట్లు నొక్కితే లోపలి సుత్తులు ఉక్కు పలకలను కొడతాయి. 1892లో చైకోవ్‌స్కీ తన క్రిస్మస్ బ్యాలేలో వాడిన తరువాత దానికి మంత్రలోకపు, హిమలోకపు వాసన అంటుకుంది. కానీ ఆటల్లోకి ఈ ధ్వని ఇంత విరివిగా రావడానికి సంప్రదాయం ఒక్కటే కారణం కాదు. ఆనాటి చిప్‌లు బాగా పలికించగలిగిన కొద్ది ధ్వనుల్లో గంట ఒకటి.

దీనికి కారణం గంట స్వభావంలోనే ఉంది. వీణ తీగను మీటినప్పుడు మూలస్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడురెట్లు, నాలుగురెట్లు పౌనఃపున్యం ఉన్న అతిస్వరాలు పుడతాయి. అవి పూర్ణాంకాల లెక్కలో ఒదిగి ఉంటాయి కనుక చెవి అన్నిటినీ కలిపి ఒకే నిండు నాదంగా వింటుంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో పోతపోసే కంచు గంటను కొట్టినప్పుడు పుట్టే అతిస్వరాలు ఈ లెక్కకు లొంగవు. రెండున్నర రెట్లు, నాలుగుంబావు రెట్లు అన్నట్లు ఎక్కడెక్కడో పడతాయి. ఆ పొందికలేనితనమే గంటకు లోహపు మెరుపు ఇస్తుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న ఎఫ్.ఎం. పద్ధతి, అంటే ఒక అలతో మరో అల పౌనఃపున్యాన్ని వేగంగా ఊపి కొత్త ధ్వని పుట్టించే పద్ధతి, ఈ పనికి అతికినట్లు సరిపోయింది. రెండు అలల నిష్పత్తి పూర్ణాంకం కాకుండా చూస్తే చాలు, గంట పలుకుతుంది. యమహా సంస్థ ఈ పద్ధతికి లైసెన్సు తీసుకుని 1983లో డీఎక్స్7 కీబోర్డు తెచ్చింది. అదే పద్ధతితో పనిచేసే ఆరు దారుల చిప్ సెగా మెగా డ్రైవ్ కన్సోల్‌లోకి చేరింది. వయోలిన్‌ను నమ్మించేలా పలికించడం ఆ చిప్‌కు కష్టం, గంటను పలికించడం సులువు. స్వరకర్త సులువైన దారి తొక్కినప్పుడు మంచు లెవెల్‌కు తగిన ధ్వని తనంత తానే ఎదురైంది.

పోటీ కన్సోల్ అయిన సూపర్ నింటెండోది వేరే కథ. దానిలోని ధ్వని విభాగాన్ని సోనీలో పనిచేస్తున్న కెన్ కుతరాగి రూపొందించారు. అది రికార్డు చేసిన చిన్న చిన్న ధ్వని ముక్కలను ఎనిమిది దారుల్లో పలికిస్తుంది, పైగా వాటికి ప్రతిధ్వని జోడించగలదు. చిక్కు ఏమిటంటే, వాద్యాల ముక్కలకూ, సంగీతపు సమాచారానికీ, ప్రతిధ్వనికీ కలిపి ఉన్న జ్ఞాపకస్థలం 64 కిలోబైట్లే. ప్రతిధ్వని ఆలస్యం 16 మిల్లీసెకన్లు పెరిగిన ప్రతిసారీ 2 కిలోబైట్లు ఖర్చవుతాయి. గరిష్ఠంగా 240 మిల్లీసెకన్లు కావాలంటే 30 కిలోబైట్లు, అంటే దాదాపు సగం ఇల్లు దానికే ఇచ్చేయాలి. లోయ ఎంత లోతుగా వినిపించాలి, అందుకు ఎన్ని వాద్యాలను వదులుకోవాలి అన్న బేరం ప్రతి బాణీకీ జరిగేది. 1994 నాటి ‘డాంకీ కాంగ్ కంట్రీ’లో ఎవెలిన్ ఫిషర్ కూర్చిన మంచు బాణీ వింటే ఆ బేరం ఎంత తెలివిగా జరిగిందో తెలుస్తుంది. అందులో పండుగ లేదు, గజ్జెల సరదా లేదు. మొదట తేటగా ఉన్న ఆకాశం లెవెల్ సాగేకొద్దీ మూసుకుపోయి, చివరికి తుపానులో ఎదుటి పీపా కూడా సరిగా కనిపించని స్థితి వస్తుంది. సంగీతం ఆ ముప్పును ముందే పసిగట్టినట్లు బరువుగా నడుస్తుంది.

ఇక్కడ ‘సోనిక్ 3’ సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను, ఎందుకంటే సంప్రదాయం మీద మనకున్న నమ్మకాన్ని అది పూర్తిగా కదిలిస్తుంది. 1994లో వచ్చిన ఈ ఆటలోని ఐస్ క్యాప్ జోన్ బాణీని మంచు సంగీతానికే గొప్ప నమూనాగా అభిమానులు ఏళ్ళ తరబడి కొలిచారు. ఆట కథానాయకుడు సోనిక్ మంచుపలక మీద నిలబడి కొండవాలున దూసుకువస్తుండగా ఆ సింథసైజర్ స్వరాలు మొదలవుతాయి. ఎంత చల్లగా, ఎంత పదునుగా ఉంటాయో మాటల్లో చెప్పలేను. అయితే ఆ బాణీకి మూలం మంచు కాదని 2013లో చాలామందికి తెలిసింది. ఆటకు పనిచేసిన సంగీతకారుల్లో ఒకరైన బ్రాడ్ బక్సర్ అంతకు చాలా ముందు ‘ది జెట్జన్స్’ అనే రాక్ బృందంలో ఉండేవారు. ఆ బృందం 1982లో రికార్డు చేసి, 2008 దాకా బయటికి రాని ఒక పాట, ఐస్ క్యాప్ బాణీ ఒకటే. ఆ పాటకూ మంచుకూ సంబంధం లేదు. 2022లో ఈ ఆటలను తిరిగి కూర్చి విడుదల చేసిన సంకలనంలో ఆ లెవెల్‌కు వేరే సంగీతం పెట్టేసరికి, పాత బాణీ లేని ఐస్ క్యాప్ ఐస్ క్యాప్ కాదని అభిమానులు నొచ్చుకున్నారు.

మంచుకోసం పుట్టని పాట మంచుకు మారుపేరు ఎలా అయింది? కొంత ఆ ఎఫ్.ఎం. చిప్ మెరుపు వల్ల, కొంత తెరమీది నీలం తెలుపు రంగుల వల్ల, మిగిలినది పదే పదే కలిపి విని చూడడం వల్ల. చెవి తన జ్ఞాపకాన్నే గుణంగా పొరబడుతుంది. ‘సోనిక్ 3’కు కాస్త ముందు, 1993లో, ‘మెగా మ్యాన్ ఎక్స్’లోని చిల్ పెంగ్విన్ మంచు లెవెల్‌కు గంటలూ లేవు, గాజు మెరుపూ లేదు, గిటారు ఊపుతో సాగే రాక్ బాణీ ఉంది, అదీ ఆడినవారికి చల్లగానే గుర్తుంటుంది.

అలాగైతే అంతా అలవాటేనా, చలిని నిజంగా పలికే గుణమేదీ సంగీతంలో లేదా? ఉందనే నా నమ్మకం. దానిని గుర్తించడానికి నాకు విజయనగరం సంగీత కళాశాల గోడ పక్కన నడవడం ఉపయోగపడింది. 1919లో ఏర్పడిన ఆ కళాశాలకు మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆ తరువాత 1936లో ఆ బాధ్యత వయోలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారిది. ఇప్పటికీ ఆ వీధిలో సాధన వినిపిస్తుంటుంది. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడదు. పక్క స్వరాన్ని తాకి వస్తుంది, ఊగుతుంది, జారుతుంది. బొబ్బిలి వీణ మీద మెట్లు మైనంలో స్థిరంగా కూర్చుని ఉన్నా, వాయించే వేలు తీగను పక్కకు లాగి గమకం పుట్టిస్తుంది. గమకమంటే కదలిక, ప్రవాహం, ఒక స్వరం నుంచి మరో స్వరంలోకి కరిగిపోవడం.

మూడవ పోగు ఇక్కడే దొరుకుతుంది. ఇప్పుడు మంచు లెవెళ్ళ సంగీతాన్ని ఈ చెవితో వినండి. సెలెస్టా, పియానో, గంట పలకలు: వీటిలో దేనికీ గమకం లేదు. కొట్టిన క్షణంలోనే స్వరం పూర్తిగా పుట్టి, కదలకుండా నిలబడి, అక్కడే సన్నగిల్లి పోతుంది. ఒక స్వరానికీ తరువాతి స్వరానికీ మధ్య వంతెన లేదు. నీరు గడ్డకట్టడమంటే ఇదే కదా: ప్రవహించేది ఆగి, విడివిడి స్ఫటికాలుగా నిలబడిపోవడం. మన వాద్యాల్లో ఈ గుణానికి దగ్గరగా వచ్చేది జలతరంగం. నీళ్ళు పోసిన పింగాణీ గిన్నెల మీద కొట్టే ఆ స్వరాల్లో గమకం పలకడం ఎంత కష్టమో వాయించేవారికి తెలుసు. గమకానికి అలవాటుపడిన తెలుగు చెవికి మంచు సంగీతంలో చల్లదనం మరింత పదునుగా తగలడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. అది కేవలం గంట ఉండడం వల్ల కాదు, జారుడు లేకపోవడం వల్ల.

నాలుగవ పోగు ఖాళీ, దూరం. ఇక్కడ ఒక వైరుధ్యం ఉంది, దానిని దాటవేయడం మంచిది కాదు. అప్పుడే కురిసిన మంచు పొరలో గాలి నిండిన సన్నని సందులు అనేకం ఉంటాయి కనుక అది ధ్వనిని పీల్చేసుకుంటుంది. మంచు పడిన ఉదయం లోకమంతా నిశ్శబ్దమైపోయిందని చలిదేశాల వారు చెప్పేది ఇందుకే. అంటే నిజమైన కొత్త మంచులో ప్రతిధ్వని తగ్గాలి. ఆటల్లో మాత్రం మంచు సంగీతం నిండా ప్రతిధ్వనే. ఇది తప్పు కాదా? ఐస్ గుహలకు, గట్టిపడి పెచ్చుకట్టిన మంచుకు ప్రతిధ్వని ఉంటుందన్నది ఒక జవాబు. గట్టి ఉపరితలం ధ్వనిని తిప్పికొడుతుంది. కానీ అంతకంటే నమ్మదగిన జవాబు నాకు మా ఊళ్ళోనే దొరికింది. పుష్యమాసపు తెల్లవారుజామున మా మావయ్య ఇంటి అరుగు మీద కూర్చుంటే, పగలు ఎన్నడూ వినిపించని శ్రీకాకుళం రోడ్ స్టేషను రైలు కూత పక్కనే ఉన్నట్లు వినిపిస్తుంది. చలికాలపు రాత్రి నేల చల్లబడి, దానిని ఆనుకున్న గాలి పైగాలికంటే చల్లగా ఉంటుంది. ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు దాదాపు 331 మీటర్లు, ఇరవై డిగ్రీల దగ్గర దాదాపు 343 మీటర్లు. పైన వేగంగా, కింద నెమ్మదిగా సాగడం వల్ల ధ్వని వంగి మళ్ళీ నేలవైపే వస్తుంది, ఎక్కువ దూరం నడుస్తుంది. దగ్గరి చప్పుళ్ళు తగ్గి, దూరపు చప్పుళ్ళు తేటపడడం: ఇది మంచు కురవని చోటా చలికాలమంటే చెవికి తెలిసే నిజం. ఆటల సంగీతంలోని ప్రతిధ్వని గోడల గురించి కాక ఆ దూరం గురించి చెబుతోందని అర్థం చేసుకుంటే వైరుధ్యం విడిపోతుంది.

ఆ దూరాన్ని అందరికంటే బాగా పట్టుకున్నది 2002 నాటి ‘మెట్రాయిడ్ ప్రైమ్’ అని నా తీర్పు. అందులో ఫెండ్రానా డ్రిఫ్ట్స్ అనే మంచు ప్రాంతానికి ఆటగాడు మాగ్మూర్ అనే లావా గుహల గుండా చేరుకుంటాడు. గుహల్లో సంగీతం బరువైన దరువులతో, గంభీరమైన గొంతులతో ఒత్తిడి పెంచుతుంది. లిఫ్టు ఎక్కి పైకి వచ్చి తలుపు తెరవగానే తెల్లని సరస్సు తీరం, నెమ్మదిగా రాలే మంచు, కెంజి యమమోటో కూర్చిన విడివిడి స్వరాలు. ఎండలో నడిచి వచ్చి కుండలోని నీళ్ళు తాగిన గొంతుకు ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో, చెవికి ఆ స్వరాలు అంత చల్లగా ఉంటాయి. వరుస మార్చి, మంచును ముందు పెట్టి లావాను తరువాత పెడితే ఇదే బాణీ ఇంత పనిచేసేది కాదు. లెవెల్ సంగీతాన్ని ఒంటరిగా పాటల జాబితాలో విని అంచనా వేసేవారికి ఈ సంగతి ఎప్పటికీ అందదు.

2015 నాటి ‘అండర్‌టేల్’లో టోబీ ఫాక్స్ ఇదే కిటుకును తిప్పి వాడాడు. మంచు అడవిలో పలచగా, ఒంటరిగా వినిపించే బాణీయే ఊరిలోకి అడుగుపెట్టగానే నిండుగా, ఇంటి వెచ్చదనంతో తిరిగి వస్తుంది. బయటి చలి గుర్తున్నందువల్లే ఊరి వెచ్చదనం తెలుస్తుంది.

ఇటీవలి ఆటల్లో స్వరాలు మరీ తగ్గిపోయాయి. 2017 నాటి జెల్డా ఆటలో ఉత్తరపు మంచుకొండలు ఎక్కుతుంటే అప్పుడొకటి అప్పుడొకటిగా పియానో స్వరాలు రాలతాయి, మిగిలినదంతా గాలి. 2012లో వచ్చిన ‘జర్నీ’లో ఆస్టిన్ వింటరీ ఇంకా సాహసం చేశాడు. ఆట పొడవునా యాత్రికుడి గొంతుగా నిలిచిన చెల్లో అనే తీగవాద్యం, చివరి కొండ మీది మంచుగాలిలో అతని అడుగులు తడబడుతున్న కొద్దీ బలం కోల్పోతుంది. సంగీతం చలిని వర్ణించడం మానేసి తానే చలికి లొంగిపోతుంది. గ్రామీ పురస్కారాల్లో దృశ్యమాధ్యమ నేపథ్యసంగీత విభాగానికి నామినేషన్ పొందిన మొదటి వీడియో గేమ్ సంగీతం ఇదే. ఇక మన కుర్రాళ్ళకు బాగా తెలిసిన పబ్‌జీలోని వికెండి మ్యాపు, 2018 డిసెంబరులో వచ్చినది, పోరు సాగుతున్నంతసేపూ నేపథ్యసంగీతమే లేనిది. అక్కడ మంచు అంటే బూటు కింద కరకరలాడే చప్పుడు, ఆ చప్పుడు ఎటునుంచి వస్తోందన్న భయం. బతకడానికి చెవులు రిక్కించాల్సిన చోట సంగీతం అడ్డమవుతుంది. అందుకే దానిని తీసేశారు, తీసేసినా చలి తగ్గలేదు.

మా మావయ్యకు ఆ రోజు ఫెండ్రానా బాణీ కూడా వినిపించాను. ఇది మంచు ప్రాంతపు సంగీతమని చెప్పలేదు, తెర చూపలేదు. ఈసారి చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళు మూసుకున్నారు. బాణీ ఒకసారి పూర్తిగా తిరిగి మళ్ళీ మొదలయ్యాక, “తెల్లారగట్ల ఏటొడ్డున ఒక్కడివీ ఉన్నట్టుందిరా. ఎవులూ నేరు” అన్నారు. అందులో గజ్జెలు లేవు కనుక ఎడ్లబండి రాలేదు. ఆయనకు కనిపించినది హిమం కాదు, నాగావళి మీది పొగమంచు. అప్పుడు ఏప్రిల్ నెల. అరుగు మీద ఎండ కాస్తోంది. హెడ్‌ఫోన్ తిరిగి ఇస్తూ ఆయన భుజం మీది తువ్వాలు తీసి చెవులకు అడ్డంగా కప్పుకున్నారు.